అంకె వచ్చింది, అది నిజమేనా?

(హనుమకొండలో పాలిటెక్నిక్, డిగ్రీ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం. భూభౌతిక పరికరాల నిర్వహణలో ఫీల్డ్ ఇంజనీరుగా కొత్తగా చేరేవారి పని గురించి. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని టైపు చేశాం.)

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, నమస్తే. వెనుక వరుసకు వినబడుతున్నదా? సరే.

2024 డిసెంబర్ 4, పొద్దున 7 గంటల 27 నిమిషాలు. ఆ నిమిషం ఎక్కడ ఉన్నారో మీలో చాలామందికి గుర్తుండే ఉంటది. ములుగు దిక్కు భూమి కదిలింది, తీవ్రత 5.3. వరంగల్‌లో గిన్నెలు కదిలాయి, హైదరాబాద్‌లో కూడా తెలిసింది. మన గోదావరి లోయలో అంతకు ముందు గట్టిగా వచ్చింది 1969 ఏప్రిల్ 13న, భద్రాచలం దగ్గర. అంటే మధ్యలో 55 ఏళ్లు. ఇప్పుడు ఒక ప్రశ్న అడుగుతాను. భూమి కదలికను కొలిచే ఒక సీస్మోమీటరు 55 ఏళ్లు చక్కగా పనిచేసి, ఆ ఒక్క పొద్దున బ్యాటరీ లేక ఆగిపోయి ఉంటే? భూకంపాన్ని మళ్లీ రమ్మంటే వస్తదా? రాదు. ఆ పరికరం ఆ నిమిషానికి బతికి ఉండాలి. దాన్ని బతికించేది ఎవరు? సిద్ధాంతం రాసే శాస్త్రవేత్త కాదు. బండి మీద బ్యాటరీ కట్టుకుని పోయే ఫీల్డ్ ఇంజనీరు. ఆ పని గురించే ఈ పూట.

ఇంకో మాట ముందే చెప్తాను, ఎందుకంటే మిగతా అంతా దాని మీదే నిలబడుతది. ఆగిపోయిన పరికరం చిన్న సమస్య. ఆగినట్టు అందరికీ తెలుస్తది, ఎవరో ఒకరు పోతారు, బాగుచేస్తారు. తప్పు అంకె చూపిస్తూ నడిచే పరికరం పెద్ద సమస్య. దీపం వెలుగుతుంటది, స్క్రీన్ మీద అంకెలు వస్తుంటాయి, మనం నోట్‌బుక్‌లో రాసుకుంటాం. ఆ అంకె మీద ఒక రైతు బోరు వేస్తాడు, ఒక గనిలో డ్రిల్లింగ్ పాయింట్ మారుతది. కాబట్టి అంకె వచ్చిందా అని కాదు, వచ్చిన అంకె నిజమేనా అని అడగాలి. మొదటి ఏడాది మీరు నేర్చుకునేది అదే.

కరెంటు, వైరు, జాయింటు. డబ్బా చివరికి

కొత్తగా చేరినవాళ్లు చేసే మొదటి తప్పు ఏమిటంటే, పరికరం పనిచేయకపోతే నేరుగా డబ్బా విప్పుతారు. వద్దు. ఫీల్డులో వచ్చే లోపాల్లో ఎక్కువ భాగం డబ్బా బయటే ఉంటాయి. వరుస ఇది: ముందు కరెంటు, తర్వాత వైరు, తర్వాత జాయింటు, చివరికి డబ్బా. ఈ వరుస మార్చకండి.

భూకంప స్టేషన్నే తీసుకుందాం. అక్కడ ఏముంటది? గుంటలో సిమెంటు దిమ్మె మీద సీస్మోమీటరు, పక్కన దాని సిగ్నల్‌ను అంకెలుగా మార్చే డిజిటైజరు, సమయం కోసం జీపీఎస్ యాంటెనా, బయట సోలార్ ప్యానెలు, లోపల బ్యాటరీ, మధ్యలో ఛార్జ్ కంట్రోలరు. మొత్తం కలిపి 5 వాట్లు తాగుతదనుకోండి. చిన్నదే కదా? లెక్క కడదాం. 5 వాట్లు, 24 గంటలు, 120 వాట్-అవర్లు. 12 వోల్టుల బ్యాటరీ మీద అది రోజుకు 10 ఆంపియర్-అవర్లు, పొట్టిగా ఏహెచ్. ఆషాఢంలో, శ్రావణంలో ముసురు పడితే వరుసగా అయిదు రోజులు ఎండ ఉండదు. అయిదు పదులు యాభై. లెడ్-యాసిడ్ బ్యాటరీని సగం కన్నా కిందికి దించితే దాని ఆయుష్షు తగ్గిపోతది. అందుకని 50కి రెట్టింపు, 100 ఏహెచ్ పెట్టాలి. 50 ఏహెచ్‌తో నడుస్తుంది కదా అని పెడితే, ఎండాకాలం అంతా బాగానే నడిచి, సరిగ్గా ముసురులో చేతులెత్తేస్తది.

బ్యాటరీ వోల్టేజీ ఎలా చూడాలి? ప్యానెలు కలిపి ఉండగా చూస్తే 13.8 చూపిస్తది, మనం సంతోషపడతాం. అది బ్యాటరీ బలం కాదు, ఛార్జింగ్ వోల్టేజీ. ప్యానెలు తీసెయ్యండి, లోడు తీసెయ్యండి, అరగంట ఆగండి, అప్పుడు చూడండి. 12.7 దగ్గర ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.2 అంటే సగం. 11.8 అంటే ఖాళీ. ఆ తర్వాత లోడు కలిపి మళ్లీ చూడండి. లోడు కలపగానే వోల్టేజీ ధబ్బున కిందికి పడితే, మీటరులో 12.7 చూపించినా ఆ బ్యాటరీ పోయినట్టే. రామగుండం, మంచిర్యాల వైపు మే నెల ఎండ మీకు తెలుసు కదా. రేకు డబ్బాలో పెట్టిన బ్యాటరీ ఉడికిపోతది. వేడి 10 డిగ్రీలు పెరిగితే బ్యాటరీ వయసు దాదాపు సగమవుతదని పనిచేసేవాళ్లు లెక్క వేసుకుంటారు. డబ్బాను నీడలో, నేల మట్టానికి దగ్గరగా, గాలి ఆడేలా పెట్టడం ఖర్చులేని వైద్యం.

ఇక వైరు. ఇది చాలామంది పట్టించుకోరు, అందుకే కాస్త ఆగి చెప్తాను. ప్యానెలు గుట్ట మీద ఎండలో, బ్యాటరీ 20 మీటర్ల దూరంలో. షాపులో 1 స్క్వేర్ ఎంఎం రాగి వైరు చవక, అదే తెచ్చారు. పోను 20, రాను 20, మొత్తం 40 మీటర్లు. ఆ వైరు నిరోధం సుమారు 0.7 ఓము. ప్యానెలు 4 ఆంపియర్లు ఇస్తే వైరులోనే దాదాపు 2.8 వోల్టులు పోతాయి. ప్యానెలు మంచిదే, బ్యాటరీ కొత్తదే, కంట్రోలరు సరిగ్గానే ఉన్నది, కానీ బ్యాటరీ ఎన్నడూ నిండదు. ఎందుకో ఎవరికీ తెలియదు. ప్యానెలు మారుస్తారు, బ్యాటరీ మారుస్తారు, వైరు మాత్రం మార్చరు. 4 స్క్వేర్ ఎంఎం వేస్తే నష్టం 0.7 వోల్టుకు దిగుతది. ఈ లోపం పట్టుకోవడం ఎలా? మధ్యాహ్నం ఎండలో, ఛార్జింగ్ నడుస్తుండగా, ప్యానెలు దగ్గర ఒకసారి, కంట్రోలరు దగ్గర ఒకసారి వోల్టేజీ చూడండి. రెండింటికీ తేడా ఉంటే ఆ తేడా వైరులో పోతున్నది. రెండు నిమిషాల పని.

ఫ్యూజు పోతే అదే విలువ ఫ్యూజు వేయండి. రాగి పోగు చుట్టి పని కానివ్వడం మన దగ్గర అలవాటు. ఆ పోగు కాలదు, దాని బదులు లక్షల రూపాయల డిజిటైజరు కాలుతది. జేబులో పది ఫ్యూజులు పెట్టుకోండి.

ఇప్పుడు జాయింటు. ఇటు చూడండి, ఈ కనెక్టరు పైకెత్తి చూపిస్తున్నాను. లోపల పిన్నుల మధ్య పచ్చటి పొర కనబడుతున్నదా? ముందు వరుసవాళ్లు చేతిలోకి తీసుకుని వెనక్కి పంపండి. అది రాగి చిలుము. ఒక్క వానాకాలం తడికి వచ్చింది. ఆ చిలుము తడిగా ఉన్నప్పుడు ఒక పిన్ను నుంచి ఇంకో పిన్నుకు కరెంటు సన్నగా జారుతది. అప్పుడు పరికరం ఆగదు, సిగ్నల్‌లో గుసగుస పెరుగుతది. నేను చెప్పిన పెద్ద సమస్య అంటే ఇదే.

దీన్ని శుభ్రం చేసే పద్ధతి చెప్తాను, రాసుకోండి. ముందు ఫోను తీసి ఫోటో కొట్టండి, ఏ వైరు ఎక్కడ ఉన్నదో తర్వాత గొడవ ఉండదు. తర్వాత పవర్ ఆపండి. ఆపకుండా కనెక్టరు లాగకూడదు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో మెత్తటి బ్రష్షు, పిన్ను పిన్నుకూ తుడవాలి. పూర్తిగా ఆరనివ్వాలి. వంగిన పిన్ను ఉన్నదేమో వెలుతురులో పెట్టి చూడాలి. చుట్టూ రబ్బరు రింగు ఉంటది, ఓ-రింగు. దాని మీద ఒక్క వెంట్రుక ఉన్నా నీళ్లు దారి చేసుకుంటాయి. వేలితో తడిమి చూసి, సిలికాన్ గ్రీజు పలచగా రాయాలి. గ్రీజు రింగుకు రాయాలి, పిన్నులకు కాదు. తుప్పు వదిలించే నూనె స్ప్రే లోపల కొట్టకండి, ఆ జిడ్డు దుమ్మును పట్టి ఉంచుతది. చివరికి గాడి చూసుకుని బిగించాలి, బలం పెట్టి తిప్పితే పిన్ను విరుగుతది. డబ్బాలోకి పోయే వైరు ఎప్పుడూ కింది నుంచి పోవాలి, పోయే ముందు కొంచెం వంపు వేలాడాలి. వానచుక్క ఆ వంపు దగ్గర రాలిపోతది. పై నుంచి పోతే చుక్క వైరు పట్టుకుని నేరుగా లోపలికి దిగుతది.

డబ్బాలో పెట్టే సిలికాజెల్ సంచి చూశారా? నీలం రంగు రకం తడి తాగితే గులాబీ రంగుకు మారుతది. మారిందంటే ఆ సంచి పని అయిపోయింది, తడి లోపలికి వస్తున్నది. సంచి మార్చడం ఒక పని, తడి ఎక్కడి నుంచి వస్తున్నదో వెతకడం రెండో పని. మొదటిది చేసి వచ్చేస్తారు చాలామంది. ఇంకా, డబ్బాకు వాడని రంధ్రం ఉంటే మూయండి. చీమలు గూడు పెడతాయి, బల్లులు దూరుతాయి, ఎలుకలు, ఉడుతలు వైరు కొరుకుతాయి. బయట పరిచే వైరుకు జీఐ పైపు గానీ గట్టి పైపు గానీ తొడగాలి.

సమయం గురించి ఒక మాట. జీపీఎస్ యాంటెనాకు ఆకాశం కనబడాలి. చింతచెట్టు కింద పెడితే చెట్టు పెరిగిన కొద్దీ సిగ్నల్ పోతది. సిగ్నల్ పోతే లోపలి గడియారం తనంతట తాను నడుస్తది. పది లక్షల్లో ఒక వంతు తప్పు ఉన్న గడియారం రోజుకు 0.086 సెకను జరుగుతది. చిన్నదే అనిపిస్తున్నదా? మన కింద ఉన్న గట్టి రాతిలో పీ-తరంగం, అంటే భూకంపంలో అన్నిటికన్నా ముందు వచ్చే తరంగం, సెకనుకు దాదాపు 6 కిలోమీటర్లు పోతది. అంటే ఒక్క రోజుకే అర కిలోమీటరు తప్పు. పది రోజులు అలా వదిలేస్తే భూకంప కేంద్రం అయిదు కిలోమీటర్లు జరిగి పక్క ఊరి కిందికి పోతది. అందుకే నడుస్తున్న స్టేషనుకు పోగానే బ్యాటరీ కన్నా ముందు చూడాల్సింది, జీపీఎస్ చివరిసారి ఎప్పుడు పట్టింది అని.

సీస్మోమీటరును ఉత్తరానికి నిలపాలి. దిక్సూచి పెట్టి నిలుపుతారు. కానీ మన వరంగల్, కరీంనగర్ గ్రానైటు నిండా డోలరైట్ డైకులు ఉన్నాయి. నల్లరాతి వరుసలు అంటారు కదా, అవే. వాటిలో అయస్కాంత ఖనిజం ఉంటది. ముల్లును అది లాగుతది. స్టేషను గదిలో ఇనుప తలుపు ఉంటే అదీ లాగుతది. కాబట్టి బయట, దూరంగా, రెండు మూడు చోట్ల చూడండి. మూడుచోట్లా ఒకే దిక్కు చూపిస్తేనే నమ్మండి. లేదంటే 50 మీటర్ల దూరంలో రెండు బిందువులు తీసుకుని సర్వే జీపీఎస్‌తో గీత కట్టండి, ఫోనులోది చాలదు.

చెలకలో రెసిస్టివిటీ సర్వే

ఇక బోరు పాయింట్లు చూసే రెసిస్టివిటీ మీటరు, అంటే నేల కరెంటును ఎంత అడ్డుకుంటదో కొలిచేది. మన జిల్లాల్లో మీ చేతికి మొదట వచ్చేది ఇదే కావచ్చు. నాలుగు కడ్డీలు. బయటి రెండింటి నుంచి కరెంటు పంపుతాం, లోపలి రెండింటి మధ్య వోల్టేజీ కొలుస్తాం. కడ్డీలన్నీ సమాన దూరంలో ఉండే వెన్నర్ అమరికలో ఆ దూరం 10 మీటర్లు అయితే, వచ్చిన నిరోధాన్ని 62.8తో గుణిస్తే రెసిస్టివిటీ. ఇంతవరకు పుస్తకంలో ఉన్నదే.

పుస్తకంలో లేనిది ఏమిటి? ఎండాకాలం ఎర్ర చెలకలో కడ్డీ దిగదు, దిగినా మట్టి పట్టుకోదు. ఒక్కో కడ్డీ దగ్గర స్పర్శ నిరోధం కొన్ని వేల ఓములు ఉంటది. రెండు కడ్డీలూ కలిసి 10 వేల ఓములనుకోండి. మీటరు 400 వోల్టులు ఇచ్చినా పోయే కరెంటు 40 మిల్లీఆంపియర్లే. దూరం పెంచిన కొద్దీ సిగ్నల్ సన్నబడి అంకెలు ఎగురుతాయి. అప్పుడు ఏం చేయాలి? కడ్డీ చుట్టూ ఉప్పు నీళ్లు పొయ్యాలి. ఎక్కువ పోస్తే ఒక కడ్డీ తడి ఇంకో కడ్డీ తడితో కలుస్తది, దగ్గర దగ్గరగా ఉన్న కడ్డీల దగ్గర జాగ్రత్త. గుంట చేసి కొద్దికొద్దిగా పోసి, పది నిమిషాలు ఇంకనివ్వాలి. అయినా కాకపోతే పక్కనే ఇంకో కడ్డీ దింపి రెండూ కలపాలి.

400 వోల్టులు అన్నాను కదా. కడ్డీ దగ్గర మనిషి ఉన్నాడు, మేకలు తిరుగుతాయి, పిల్లలు చూడటానికి వస్తారు. బటన్ నొక్కే ముందు గట్టిగా కేక వెయ్యాలి, అవతలి నుంచి జవాబు రావాలి. జవాబు రాకపోతే నొక్కకూడదు. వాకీటాకీ ఉన్నా అంతే.

ఇక వరిమడి పక్కన వచ్చే జబ్బు వేరు. వైరుకు ఎక్కడో పైతొడుగు చిరిగి ఉంటది. పొడిలో ఏమీ కాదు. తడి గట్టు మీద పడగానే కరెంటు అక్కడి నుంచే భూమిలోకి జారుతది. మీటరు అంకె చూపిస్తూనే ఉంటది! ఎలా పట్టుకోవాలి? చాలా సులువు. వైరు పరిచి ఉండగా, చివర కడ్డీని విప్పేసి, వైరు కొన గాలిలో పెట్టి కరెంటు పంపండి. కరెంటు సున్నా రావాలి. ఏమైనా వచ్చిందంటే వైరు కారుతున్నది. రీలు కొద్దికొద్దిగా చుట్టుకుంటూ రండి, ఎక్కడ కరెంటు పోవడం ఆగిందో అక్కడే చిరుగు. అక్కడ కోసి, టిన్ను వేసి అతికి, హీట్ ష్రింక్ స్లీవు, దాని మీద రబ్బరు టేపు. నల్ల ప్లాస్టిక్ టేపు ఒక్కటే చుట్టి వదిలేస్తే ఎండకు జిగురు కరిగి జారిపోతది.

ఇంకో పరీక్ష. కరెంటు కడ్డీలు, వోల్టేజీ కడ్డీలు తారుమారు చేసి మళ్లీ కొలవండి. జవాబు రెండుసార్లూ దాదాపు ఒకటే రావాలి, నూటికి అయిదు కన్నా ఎక్కువ తేడా వస్తే ఎక్కడో లోపం. రోజూ పొద్దున బండి దిగకముందే తెలిసిన విలువ ఉన్న రెసిస్టరు పెట్టి మీటరు చూడండి. 10 ఓముల రెసిస్టరుకు 10 రావాలి.

అంకె నిజమా కాదా అని తెలియాలంటే ఆ నేల ఏం చెప్పగలదో కూడా తెలియాలి. తడిసి కుళ్లిన గ్రానైటు, అంటే మొరం, 50 నుంచి 150 ఓమ్-మీటర్ల దాకా ఉంటది. కింద గట్టి బండ వేయి దాటుతది. రేగడి మట్టి పది, ఇరవై ఉండొచ్చు. బండ కనబడుతున్న చోట మీటరు 5 చూపిస్తే సంతోషించకండి. దగ్గర్లో ఇనుప కంచె ఉన్నదా, మిషన్ భగీరథ పైపు పోయిందా, ట్రాన్స్‌ఫార్మర్ ఎర్తింగ్ ఉన్నదా అని చూడండి.

జియోఫోన్లు, లాగింగు

సుత్తితో నేలను కొట్టి ఆ అదురును కొలిచే సీస్మిక్ సర్వేలో, ఆ అదురును పట్టే 24 జియోఫోన్లు వరుసగా గుచ్చుతాం. ఒక్కో జియోఫోనులో చుట్టిన తీగ ఉంటది, దాని నిరోధం రకాన్ని బట్టి 375 నుంచి 395 ఓముల దగ్గర. మల్టీమీటరు పెడితే అనంతం చూపిస్తే తీగ తెగింది. సున్నా దగ్గర చూపిస్తే వైరు ఒకదానికొకటి తగులుతున్నది. సరైన విలువ ఉంటే సరిపోయిందా? లేదు. మిల్లీవోల్టులకు తిప్పి, జియోఫోన్ను కొంచెం తట్టండి. ముల్లు కదలాలి. కదలకపోతే లోపలి స్ప్రింగు ఇరుక్కుంది. ఆ తర్వాత రెండు జియోఫోన్లు పక్కపక్కన పెట్టి ఒకేసారి తట్టి చూస్తే, మొదటి కదలిక రెండింటిలోనూ ఒకే వైపు రావాలి. ఎదురెదురుగా వస్తే ఒకదాని తీగలు తారుమారయ్యాయి. ఎవరో మధ్యలో అతికేటప్పుడు చేసిన తప్పు. దెబ్బ పడిన క్షణాన్ని చెప్పడానికి సుత్తి పిడికి కట్టిన ట్రిగ్గర్ వైరు ఎప్పుడూ పిడి దగ్గరే తెగుతది, అక్కడే వంగుతది కాబట్టి. రెండోది సిద్ధంగా ఉంచుకోండి.

సింగరేణి బెల్టులో, భూపాలపల్లి, రామగుండం, మందమర్రి వైపు బోర్‌హోల్ లాగింగు పని ఉంటది, అంటే కేబులుకు ప్రోబు కట్టి బోరులోకి దింపి కొలవడం. బొగ్గు గుర్తు మీకు తెలుసు: గామా (రాతిలోని సహజ రేడియోధార్మికత) తక్కువ, సాంద్రత తక్కువ, రెసిస్టివిటీ ఎక్కువ. ఇక్కడ లోతు తప్పు పోతే ఎంత నష్టమో చూడండి. వించ్ కేబులు ఒక చక్రం మీద నుంచి పోతది, చక్రం ఎన్ని చుట్లు తిరిగిందో దాన్ని బట్టి లోతు. చుట్టు కొలత మీటరు ఉన్న చక్రానికి ఒకటిన్నర మిల్లీమీటర్ల బురద పట్టిందనుకోండి. చుట్టు కొలత నూటికి ఒకటి పెరిగింది. 300 మీటర్ల బోరులో 3 మీటర్ల తప్పు. 3 మీటర్ల బొగ్గు పొర ఉంటే అది మొత్తం జరిగిపోయింది! పైకి వచ్చాక సున్నా చూపించింది కదా అంటారు. బురద దిగేటప్పుడూ, ఎక్కేటప్పుడూ ఒకేలా ఉంటే సున్నాకే వస్తది, తప్పు దాక్కుంటది. అందుకని కేబులు మీద కొలిచి పెట్టిన గుర్తులు ఉండాలి. ఆ గుర్తు చక్రం దాటినప్పుడు స్క్రీన్ మీద అంకె సరిపోతున్నదా అని చూడాలి. కేబులు తుడిచే గుడ్డ పట్టుకోవడం చిన్న పని అనుకోకండి.

కేబులు తొడుగు కారుతున్నదేమో చూసే మెగ్గరు పెట్టే ముందు ప్రోబు విప్పాలి. మెగ్గరు 500 వోల్టులు పంపుతది, ప్రోబు లోపలి ఎలక్ట్రానిక్స్ ఒక్క క్షణంలో పోతది. సాంద్రత లాగుకు వాడే రేడియోధార్మిక సోర్సును, అటామిక్ ఎనర్జీ రెగ్యులేటరీ బోర్డు నియమాల ప్రకారం అధికారం ఉన్నవాళ్లు తప్ప ఎవరూ ముట్టకూడదు. మీ సీనియర్ తొందరలో ఉండి “కొంచెం పట్టుకో తమ్ముడూ” అన్నా పట్టుకోకండి. ఇది గట్టిగా చెప్తున్నాను.

భూమి అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే మాగ్నెటోమీటరు గురించి ఒక్క మాటే. మన దగ్గర మొత్తం క్షేత్రం దాదాపు 43 వేల నానోటెస్లా. దాన్ని కొలిచేవాడి జేబులో తాళాలు, ఫోను, నడుముకు బెల్టు ఉంటే పదులలో తప్పు వస్తది. అవి బండిలో పెట్టి పోండి.

ఇక లాగ్‌బుక్. పెన్సిలుతో రాయండి, వానకు చెరగదు. తేదీ, సమయం, వచ్చినప్పుడు వోల్టేజీ, పోయేటప్పుడు వోల్టేజీ, ఏం మార్చారు, మార్చక ముందు ఎలా ఉన్నది. “అంతా బాగుంది” అని రాయకండి. బాగుంది అంటే ఎంత? అంకె రాయండి. ఆరు నెలల తర్వాత వచ్చే మనిషికి మీ అంకెలే దిక్కు. 12.6, 12.5, 12.3 అని మూడు నెలల వరుస కనబడితే, ఆ బ్యాటరీ పోతున్నదని అతనికి ముందే తెలుస్తది.

సరే, మాటలు చాలు. అక్కడ కిటికీ దగ్గర టేబులు మీద ఆరు జియోఫోన్లు, రెండు మల్టీమీటర్లు పెట్టాం. మూడింటిలో లోపం ఉన్నది. ఒకటి తెగింది, ఒకటి ఇరుక్కుంది, ఒకటి తారుమారైంది. ఏది ఏదో చీటీ మీద రాసి, ఏ పరీక్షతో పట్టుకున్నారో కూడా రాసి ఇవ్వండి. నలుగురేసి రండి, తోసుకోకండి.